సిగ్మానా, కాంటెస్సానా? రెండు పాత తెరచాప పడవల మధ్య మా బేరం, నా అనుభవం

2024 జనవరిలో మొదలుపెట్టిన పని జులై చివరికి పూర్తయింది. నేను, మా బావ కలిసి ఇంగ్లండ్‌లో ఒక పాత తెరచాప పడవ కొన్నాం. చివరిదాకా మా ముందున్నవి రెండే: సిగ్మా 33, కాంటెస్సా 32. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ సెయిలింగ్ నేర్చుకున్న మనవాళ్లు కొందరు "ఎట్ల కొన్నరు, ఎంత పడ్డది, ఏది మంచిది" అని అడుగుతున్నారు. దసరాకు ఇంటికొచ్చాను, ఇక్కడ కాస్త తీరిక దొరికింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది నల్లగొండ జిల్లా హాలియా. బావది కొల్లాపూర్, చిన్నప్పుడు సోమశిల దగ్గర పుట్టిలో కృష్ణ దాటినవాడు, నీళ్లంటే ఆయనకు భయం లేదు. ఇద్దరివీ సౌతాంప్టన్‌లో ఉద్యోగాలు. బావకు రేసింగ్ పిచ్చి, వేసవిలో బుధవారం సాయంత్రం క్లబ్ పందేలకు వేరేవాళ్ల పడవల్లో క్రూగా వెళ్లేవాడు. నాకు మాత్రం పెళ్లాం పిల్లలతో వీకెండ్‌కు ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవికి వెళ్లి రాత్రి లంగరేసుకొని పడుకోవాలని, ధైర్యం వచ్చాక ఇంగ్లిష్ ఛానల్ దాటి ఫ్రాన్స్‌లోని షెర్బోర్గ్ వరకు పోవాలని ఆశ. రెండు పడవలు కొనే స్తోమత ఎవరికీ లేదు. జనవరిలో అక్క వాళ్లింట్లో కూర్చొని చెరి సగం అనుకున్నాం. మొదటి ఏడాది ఖర్చులన్నీ కలిపి 24,000 పౌండ్లు దాటొద్దని గీత గీసుకున్నాం, అంటే మన డబ్బులో ఇరవై ఐదు లక్షలు. ఫోన్‌లో చెప్తే నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "అమ్మేటోని దగ్గర లింకు డాక్యుమెంట్లు ఉన్నయా?" అన్నాడు. పాత పడవ కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నల్లో అదొకటని నాకు తర్వాత అర్థమైంది.

మార్చిలో చూడటానికి తిరిగాం. ఆ బడ్జెట్‌లో కొత్త పడవలు రావు, నలభై ఏళ్ల నాటివే వస్తాయి. మంచి పేరున్నవి, విడిభాగాలు దొరికేవి, తిరిగి అమ్ముకోగలిగేవి చూసుకుంటూ పోతే ఈ రెండు మోడళ్ల దగ్గర ఆగాం.

సిగ్మా 33 డేవిడ్ థామస్ డిజైన్. మేం చూసింది 1984లో కట్టింది, గోస్పోర్ట్‌లో ఉంది, 12,500 పౌండ్లు అడుగుతున్నారు. కాంటెస్సా 32 డేవిడ్ శాడ్లర్ డిజైన్, జెరెమీ రోజర్స్ వాళ్లు లిమింగ్టన్‌లో కట్టేవారు. మేం చూసింది 1976 నాటిది, ధర 18,500. కాగితం మీద చూస్తే రెండూ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. పొడవులో తేడా అరడుగు, బరువు రెండింటిదీ నాలుగు టన్నుల పైచిలుకు. వెడల్పే తేడా, సిగ్మా పదిన్నర అడుగులు, కాంటెస్సా తొమ్మిదిన్నర. ఆ ఒక్క అడుగు ఎంత తేడా తెస్తుందో లోపలికి దిగితే గానీ తెలియదు. సిగ్మాలో అక్క, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు ఒకేసారి కూర్చున్నా బావ వంటపొయ్యి దాకా నడవగలిగాడు. కాంటెస్సాలో ఒకరు ముందుకు పోవాలంటే ఇంకొకరు కాళ్లు మడుచుకోవాలి. అంచులు కూడా ఎత్తు తక్కువ, కాక్‌పిట్‌లో, అంటే పడవ నడిపేవాళ్లు కూర్చునే చోట, కూర్చుంటే చెయ్యి చాపితే నీళ్లు తగిలేంత దగ్గర. ఆడవాళ్ల ఓటు అక్కడికక్కడే సిగ్మాకు పడిపోయింది.

నా మనసు మాత్రం కాంటెస్సా మీదే ఉండేది, దానికి కారణం 1979 ఫాస్ట్‌నెట్ రేసు. ఐర్లాండ్ దక్షిణాన ఉన్న ఫాస్ట్‌నెట్ రాతిని చుట్టి వచ్చే పందెం అది. ఆ ఆగస్టులో 303 పడవలు బయల్దేరితే మధ్యలో పెద్ద తుఫాను పట్టింది, పదిహేను మంది సెయిలర్లు చనిపోయారు. అన్నిటికంటే చిన్న పడవల తరగతిలో రేసు పూర్తి చేసిన పడవ ఒకే ఒక్కటి, అసెంట్ అనే కాంటెస్సా 32. బరువులో దాదాపు సగం కీల్‌లోనే, అంటే పడవ అడుగున రెక్కలా కిందికి దిగి ఉండే భాగంలోనే, ఉంటుంది కాబట్టి అది బోల్తా పడ్డా మళ్లీ నిలబడే రకం. పిల్లల్ని ఎక్కించుకొని ఛానల్ దాటాలనుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి అనిపించేది. బావ వాదన వేరు. "తుఫానులో ఎవడు పోతడు బావా, మనం పోయేది బుధవారం సాయంత్రం, గాలి సన్నగ ఉంటది. గప్పుడు నీ కాంటెస్సా కదలదు" అనేవాడు. అందులో నిజం ఉంది. ఇలాంటి పడవ ఎంత వేగం పోగలదన్నది నీళ్లను తాకే పొడవును బట్టి ఉంటుంది, కాంటెస్సాకు అది 24 అడుగులే, సిగ్మాకు అంతకంటే ఎక్కువ.

ధర, చోటు, వేగం, మూడింట్లోనూ సిగ్మాదే పైచేయి కావడంతో ఏప్రిల్ మధ్యలో దానికే ఆఫర్ ఇచ్చాం. 11,500కు కుదిరింది. ఇక్కడ పద్ధతి ఏమిటంటే, ధర కుదిరాక పది శాతం బ్రోకర్ దగ్గర డిపాజిట్ కట్టాలి, సర్వే, అంటే నిపుణుడు పడవను పరీక్షించి ఇచ్చే రిపోర్టు, బాగా వస్తేనే కొంటామని అగ్రిమెంట్‌లో రాసుకోవాలి. సర్వేయర్‌ను కొనేవాళ్లే పెట్టుకోవాలి, ఫీజు మనదే, పడవను నీళ్లలోంచి క్రేన్‌తో పైకి లేపే ఖర్చూ మనదే. సర్వే రిపోర్టు లేకుండా ఇంత పాత పడవకు ఇన్సూరెన్స్ వాళ్లు కూడా సరిగా ముఖం ఇవ్వరు.

డిపాజిట్ కట్టిన వారానికి నేను ఇండియా రావాల్సి వచ్చింది, నాయనకు మోకాలి ఆపరేషన్. అందుకని ఆ తర్వాతి కథంతా హాలియాలో ఫోన్ చేతిలో పట్టుకొని నడిపిందే. మేం ఊహించనిది ఒకటి జరిగింది. ఏప్రిల్, మే నెలల్లో చలికాలమంతా ఒడ్డున పెట్టిన పడవలన్నీ నీళ్లలోకి దిగుతాయి, పడవల యార్డుల్లో క్రేన్లు ఖాళీ ఉండవు. మాకు తేదీ దొరకడానికే మూడు వారాలు పట్టింది. కొనాలనుకునేవాళ్లు సర్వేలు అక్టోబర్, నవంబర్ నెలల్లో పెట్టుకుంటే ఈ ఎదురుచూపు ఉండదు, ధర కూడా దిగుతుందని తర్వాత యార్డు మనిషి చెప్పాడు.

మే 17న సర్వే జరిగింది. బావ అక్కడ నిలబడి వీడియో కాల్ పెట్టాడు. ఇక్కడ మధ్యాహ్నం, బయట నలభై దాటిన ఎండ. ఆ యాసంగి సాగర్ ఎడమ కాలువకు సాగు నీళ్లే ఇవ్వలేదు, మా పొలం బీడు. నేను మంచం మీద కూర్చొని చూస్తుంటే అమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. సర్వేయర్ చిన్న ప్లాస్టిక్ సుత్తితో పడవ అడుగంతా అంగుళం అంగుళం కొడుతూ పోయాడు, గట్టిగా ఉన్నచోట టక్ టక్‌మని వస్తుంది, లోపల పొరలు విడిపోయినచోట బోలుగా వస్తుంది. ఆ పని రెండు గంటలు చేశాడు. కీల్ వెనక భాగం దగ్గరికి వచ్చేసరికి ఆగాడు, మళ్లీ కొట్టాడు, లోపలికి వెళ్లి నేల పలకలు తీసి టార్చి వేశాడు. బావ మాట్లాడటం ఆపేశాడు. నాకు అక్కడే అర్థమైంది.

రిపోర్టు మూడో రోజు వచ్చింది. పడవ అడుగు లోపల, కీల్ బరువు మోయడానికి గళ్లుగళ్లుగా ఫైబర్ చట్రం ఒకటి అతికించి ఉంటుంది, దాన్ని మ్యాట్రిక్స్ అంటారు. మేం చూసిన పడవ ఎప్పుడో వేగంగా నేలకు తగిలింది. కీల్ ముందు భాగం దేన్నైనా గుద్దుకుంటే వెనక అంచు పైకి తన్నుతుంది, ఆ దెబ్బకు కీల్ వెనకవైపు చట్రం హల్ నుంచి, అంటే పడవ బయటి గుల్ల నుంచి, విడిపోయింది, దాని మీద ఎవరో రంగు వేసి ఉంచారు. ఇది ఆ ఒక్క పడవకు జరిగిన ప్రమాదం, సిగ్మాలన్నీ ఇంతే అని ఎవరూ అనుకోవద్దు. బాగు చేయాలంటే నేల కోసి, గీకి, మళ్లీ ఫైబర్ పొరలు వేయాలి, అవసరమైతే కీల్ విప్పాలి. యార్డు చెప్పిన అంచనా 4,800 పౌండ్లు. అమ్మేవాళ్లు వెయ్యి తగ్గిస్తామన్నారు, అంతకు మించి దిగలేదు.

ఆ వారం నాకు నిద్ర సరిగా లేదు. ఒకవైపు ఆస్పత్రి బిల్లులు, ఇంకోవైపు చేతిలోంచి పోయిన డబ్బు. సర్వేకు 680, క్రేన్‌కు 290, మొత్తం 970 పౌండ్లు వెనక్కి రావు. బావకు ఆ పడవ వదలబుద్ధి కాలేదు, మనమే రిపేర్ చేసుకుందాం, నేను నేర్చుకుంటా అని రోజూ ఫోన్. నాయన మోకాలికి కట్టుతో పడుకొని ఇదంతా వింటూనే ఉన్నాడు. ఒకరోజు ఫోన్ తీసుకొని "అల్లుడా, కింద పగిలినదానికి పైన సున్నం ఏసినోడు ఇంకేం దాచిండో నీకెట్ల తెలుస్తది" అన్నాడు. బావ ఆయన మాటకు ఎదురు చెప్పడు. మే చివర్లో వద్దని మెయిల్ పెట్టాం. అగ్రిమెంట్‌లో సర్వే షరతు రాసి ఉండటం వల్ల డిపాజిట్ 1,150 పూర్తిగా వెనక్కి వచ్చింది, పదిరోజులు పట్టింది. ఆ ఒక్క వాక్యం రాయించుకోకుండా ఎవరూ డిపాజిట్ కట్టకండి.

జూన్‌లో నేను తిరిగి వెళ్లేసరికి కాంటెస్సా ఇంకా అమ్ముడుపోలేదు. ఈసారి సర్వే కంటే ముందు సముద్రంలో నడిపి చూస్తామని అడిగాం, ఓనరు ఒప్పుకున్నాడు. ఆయనకు డెబ్బై దాటాయి, ముప్పై ఏళ్లుగా ఆయనదే ఆ పడవ, మోకాళ్లు సహకరించక అమ్ముతున్నాడు. ప్రతి బిల్లూ ఫైల్లో పెట్టాడు, 2012లో కొత్త డీజిల్ ఇంజన్ వేసినప్పటిది, 2021లో మాస్ట్‌ను, అంటే తెరచాప స్తంభాన్ని, పట్టి ఉంచే స్టీలు వైర్లన్నీ మార్చినప్పటిది కూడా. ఆ వైర్లకు పది పదిహేనేళ్లు దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు మార్చమంటారు, ఈ సైజు పడవకు మూడు వేల పౌండ్ల పని. సిగ్మాలో వైర్లు ఎప్పటివో ఎవరికీ తెలియదు. ధరలో కనిపించిన ఆరేడు వేల తేడా ఇలాంటివి కలుపుకుంటూ పోతే చాలావరకు కరిగిపోయింది.

జూన్ 22, శనివారం. లిమింగ్టన్ నుంచి బయటికి వచ్చేసరికి నైరుతి గాలి గట్టిగా ఉంది, ఐల్ ఆఫ్ వైట్‌కు, ఇంగ్లండ్ తీరానికి మధ్య ఉన్న సోలెంట్ జలసంధిలో ఆటుపోటు నీళ్లు గాలికి ఎదురు పోతున్నాయి, అలలు చిన్నవే కానీ నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తున్నాయి. టిల్లర్, అంటే చుక్కాని తిప్పే కర్ర, బావకు ఇచ్చారు. పడవ ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. నా గుండె ఝల్లుమంది, అంచు నీళ్లకు తాకబోతోంది. అక్కడిదాకా ఒరిగి ఆగిపోయింది. ఇక ఎంత గాలి కొట్టినా అదే కోణంలో, అలల్ని కోసుకుంటూ పోయింది. ముందు నుంచి నీళ్లు ఎగిరి మా మీద పడుతూనే ఉన్నాయి, అందరం తడిసిపోయాం. దీని మీద పొడిగా ఉండటం కుదరదని ఓనరు ముందే చెప్పాడు. బావ మొహంలో నవ్వు ఆగలేదు. వేరేవాళ్ల సిగ్మాల్లో ఇలాంటి గాలికి పడవ మరీ ఒరగకుండా ఆరేడుగురు అంచు మీద వేలాడాలని, ఇది ఎవరూ వేలాడకుండానే నిలబడిందని, మన ఇంట్లోవాళ్లం నలుగురం చాలునని ఒడ్డుకొచ్చాక ఆయనే అన్నాడు. రేసుకు క్రూను కూడగట్టడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు, ప్రతి బుధవారం ఏడుగురిని పోగు చేయడం మా ఉద్యోగాలతో అయ్యే పని కాదు. పైగా ఏటా జరిగే కౌస్ వీక్ పడవ పందేల్లో కాంటెస్సా 32లకు సొంత తరగతి ఉంది, ఒకే రకం పడవలతో పోటీ పడొచ్చు. అప్పటిదాకా నేను క్రూజింగ్ (విహారం) కోసం, ఆయన రేసింగ్ కోసం అని విడిగా ఆలోచిస్తూ వచ్చాం. పడవలో ఎవరు కూర్చుంటారు అన్న ప్రశ్నకు జవాబు దొరికాక ఇద్దరి మాటా ఒకటైంది.

అక్కను ఒప్పించడమే మిగిలింది. లోపల ఇరుకు అన్నది అబద్ధం కాదు, ఇప్పటికీ ఇరుకే. ఇంత లోతు నీళ్లలో పిల్లలేంది అని అమ్మ కూడా ఫోన్‌లో బాధపడింది, సాగర్ నుంచి నాగార్జునకొండకు లాంచీలో పోయినప్పుడే ఆమె కళ్లు మూసుకొని కూర్చున్న మనిషి. అందరికీ మంచి లైఫ్ జాకెట్లు కొని, వాటిని వేసుకోకుండా ఎవరూ కాక్‌పిట్‌లోకి రాకూడదని నియమం పెట్టుకున్నాం. అసెంట్ కథ అక్కకు నేనే చెప్పాను. ఆమె అంతా విని, "మీరు తుఫాను చూసి పోవద్దు, అదొక్కటి మాటియ్యిండ్రి" అంది. ఇద్దరం మాటిచ్చాం.

జులై 9న సర్వే. ఈసారి నేనూ ఉన్నాను. కాంటెస్సాలో కీల్ బరువు ఫైబర్ అచ్చు లోపలే పోసి ఉంటుంది, బోల్టులతో బిగించింది కాదు, చుక్కానికి ముందు కూడా స్కెగ్ అనే ఆసరా ఉంటుంది, సిగ్మాలో చూసిన రకం భయం ఇక్కడ లేదు. దీని జబ్బు వేరు. తేమ మీటరు పెడితే నీటి మట్టం కింద అన్నిచోట్లా ఎక్కువ చూపించింది, గోరంత బుడగలు కొన్ని కనిపించాయి. ఆస్మాసిస్ అంటారు, ఏళ్ల తరబడి నీళ్లు పైపూత దాటి ఫైబర్‌లోకి దిగి లోపలి రసాయనాలతో కలిసి బుడగలు కట్టడం. వినగానే నాకు టెన్షన్ వచ్చింది. సర్వేయర్ మాత్రం ఈ వయసు పడవకు ఇది మామూలే, పడవ మునిగే సంగతి కాదు, చలికాలాల్లో ఒడ్డున ఆరబెట్టి చూసుకుంటూ ఉండండి, పూర్తి ట్రీట్‌మెంట్ ఇప్పుడే అక్కర్లేదు అన్నాడు. రెండోది, హల్‌కు ఉన్న నీటి వాల్వులు, సీకాక్‌లు. ఇత్తడిలో జింకు కరిగిపోతే లోహం గులాబీ రంగుకు తిరుగుతుంది, గీకి చూస్తే మూడింట్లో అదే రంగు. అవి విరిగితే నీళ్లు నేరుగా లోపలికి వస్తాయి కాబట్టి పడవ ఒడ్డున ఉండగానే మార్పించాం, 380 పౌండ్లు అయ్యాయి. ఇన్సూరెన్స్ వాళ్లు కూడా ఆ బిల్లు చూశాకే కవర్ ఇచ్చారు.

తేమ లెక్కలు చూపించి బేరం ఆడితే 16,800 దగ్గర తెగింది. జులై 26న డబ్బు పంపాం, అదే రోజు బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం పత్రం) మీద సంతకాలు. అక్కడ బ్రిటిష్ ఓడ యాజమాన్యాన్ని 64 వాటాలుగా లెక్కిస్తారు, ఎప్పటినుంచో వస్తున్న పద్ధతి, నా పేరు మీద 32, బావ పేరు మీద 32. నాయనకు చెప్తే "ఎకరానికి నలభై గుంటలున్నట్టు పడవకు అరవై నాలుగా, మంచిదే, పంచుకొనుడు అల్కగ ఉంటది" అన్నాడు. ఆయన అడిగిన లింకు డాక్యుమెంట్లు 1976 మొదటి ఓనరు దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి. తర్వాత చిన్న ఓడల రిజిస్టర్‌లో ఐదేళ్లకు 35 పౌండ్లు కట్టి నమోదు చేయించాం, ఫ్రాన్స్ వెళ్లాలంటే అది కావాలి. బావతో నేను విడిగా ఇంకో కాగితం రాసుకున్నాను, ఒకరు తప్పుకుంటే రెండోవారు ఏ ధరకు కొనాలి, ఏ వారాంతం ఎవరిది, రేసులో ఏదైనా విరిగితే ఖర్చు ఎవరిది అని. సొంత బావతో కాగితమేంది అని అక్క మొదట నొచ్చుకుంది. ఆ కాగితం ఉండబట్టే ఆగస్టు రేసులో ముందు తెరచాప చిరిగినప్పుడు ఇంట్లో చర్చే రాలేదు, బావ తన వాటా కింద కుట్టించాడు.

కొబ్బరికాయ కొట్టడానికి పడవ మీద చోటు లేదు, ఎక్కడ కొట్టినా పైపూత పగులుతుంది. రేవు గట్టు మీద తాడు కట్టే ఇనుప దిమ్మకు కొట్టి, పసుపు కుంకుమ మాస్ట్‌కు పెట్టాం.

లెక్క మొత్తం చెప్తాను. పడవ 16,800. సిగ్మా సర్వే, క్రేన్ 970, కాంటెస్సాకు అవే 950. వాల్వులు 380, ఇన్సూరెన్స్ 270, రిజిస్టర్ 35. మెరీనాలో, అంటే గట్టు పక్కనే పడవ కట్టుకునే రేవులో, ఏడాదికి ఐదారు వేలు అడిగారు, అది మా వల్ల కాక నది మధ్యలో బోయాకు (లంగరేసి ఉంచిన తేలే బుంగకు) కట్టుకునే చోటు తీసుకున్నాం, 1,900. అక్కడికి వెళ్లడానికి పాత రబ్బరు డింగీ (చిన్న పడవ) 350, లైఫ్ జాకెట్లు 400. అన్నీ కలిపితే 22,055, గీసుకున్న గీత లోపలే ఉన్నాం. బోయా దగ్గర ఇబ్బంది కూడా చెప్పాలి, వానలో పిల్లల్ని, అన్నం డబ్బాలను డింగీలో ఎక్కించి తీసుకెళ్లడం ప్రతిసారీ పెద్ద పని. చిన్నపిల్లలున్నవాళ్లు డబ్బు ఉంటే మెరీనానే చూసుకోండి.

ఆగస్టులో ఇక్కడ సాగర్ గేట్లు ఎత్తిన వారం అక్కడ మేం ఐల్ ఆఫ్ వైట్‌లోని యార్మత్‌లో లంగరేసి పడుకున్నాం, అక్క కూడా వచ్చింది. బుధవారం పందేల్లో సన్నగాలి రోజున వెనకపడుతున్నాం, గాలి లేచిన రోజున ముందుంటున్నాం. షెర్బోర్గ్ వచ్చే జూన్‌కు అనుకుంటున్నాం. నవంబర్‌లో పడవను ఒడ్డుకు తీసి చలికాలమంతా ఆరబెడతాం, మార్చిలో సర్వేయర్ మళ్లీ తేమ కొలుస్తాడు. ఆ అంకెలు తగ్గాయా లేదా, ట్రీట్‌మెంట్ అవసరమైతే ఎంత అడిగారు అన్నది అప్పుడు ఇదే వరసలో రాస్తాను.